రెండు టికెట్ల నడుమ

విమానయానము నేడు ధనికుల విలాసము కాదు. నిజామాబాదు, కరీంనగరు జిల్లాల నుండి గల్ఫు దేశాలకు కూలికి పోయే యువకుడు, విమానాశ్రయపు కుర్చీలలో రాత్రులు గడపడము ఎరిగినవాడే. ఒక విమానము దిగి మరియొకటి ఎక్కవలసిన ఆ నడిమి వేళను గూర్చి మాత్రము అతనికి చెప్పేవారు లేరు. ఈ విషయములో చదువుకొన్న మన బాధ్యత కొంత ఉన్నదని మా అభిప్రాయము.

2019లో మా విద్యార్థి తండ్రి మరణించాడు. దమ్మాములో పని చేసే పెద్దకొడుకు యజమానిని బతిమాలి, వెళ్ళి తిరిగివచ్చే వీసా సంపాదించి బయలుదేరాడు. ఏజెంటు చవకగా రెండు వేర్వేరు టికెట్లు కొనియిచ్చాడు: బొంబాయి వరకు ఒక కంపెనీది, అక్కడి నుండి హైదరాబాదుకు మరొక కంపెనీది. నడుమ మూడు గంటల వ్యవధి. కాగితము మీద అది చాలినట్లే కనిపించును. మొదటి విమానము గంటన్నర ఆలస్యమైనది. దేశములో మొదట అడుగుపెట్టిన చోటనే ఇమిగ్రేషను, కస్టమ్సు తనిఖీలు జరగాలి; పెట్టె అక్కడే తీసుకోవాలి. సహారులో దిగిన అతని రెండవ విమానము శాంతాక్రూజు నుండి. రోడ్డు మీద నాలుగైదు కిలోమీటర్లు! అతడు చేరేసరికి కౌంటరు మూసివేశారు. టికెట్టు డబ్బు పోయింది. మరునాటి విమానములో వచ్చేసరికి జనాజా లేచిపోయింది; కొడుకుకు మిగిలినది మట్టి ఆరని సమాధి.

తప్పెవరిది? రెండవ కంపెనీ దృష్టిలో అతడు వేళకు రాని ప్రయాణికుడు, అంతే. రెండు ప్రయాణాలూ ఒకే టికెట్టు మీద ఉండి ఉంటే, తరువాతి విమానములో చోటు చూపే పూచీ కంపెనీపై ఉండేది. వేరు టికెట్లు కొనడము నేరమని మేము అనము. ఒక రోజు తీరిక ఉన్నవానికి అది లాభమే. కాని శవము ఇంట ఉన్నవానికి ఆ సంగతి చెప్పకుండా అమ్మడము అన్యాయము. తెలుగులోనో ఉర్దూలోనో రెండు వాక్యాలు వ్రాసి ఇవ్వడము ఏజెంటుకు భారమా?

మన విద్యార్థులకు షేక్స్పియరు వచ్చును, టికెట్టు చదవడము రాదు. (మాకూ రాదు, పన్నెండవ తేదీ 00:40 అంటే పదకొండవ తేదీ రాత్రే బయలుదేరాలని ఒకసారి విమానము పోగొట్టుకొన్న తరువాతనే నేర్చుకొన్నాము.) బుకింగు నెంబరు ఒకటేనా, దిగే భవనము, ఎక్కే భవనము ఒకటేనా, పెట్టె ఎక్కడ తీసుకోవాలి అనే ప్రశ్నలు ఒక గంట పాఠమునకు చాలవా?

ఆ విద్యార్థి కళాశాల విడిచి చాలా కాలమైనది. వాడలో ఎవరు గల్ఫు టికెట్టు కొన్నా, డబ్బు కట్టే ముందు కాగితము అతనికి చూపిస్తున్నారని విన్నాము.