ఎండపంట యెవరిది?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు 2024 అక్టోబరులో సమగ్ర శుద్ధ ఇంధన విధానమును ప్రకటించిరి. ఎండవలనను, గాలివలనను, నీటిని మీదికెత్తి నిలువయుంచుటవలనను 160 గిగావాట్లకు పైబడిన సామర్థ్యమును గడింపవలెననియు, పది లక్షల కోట్ల రూపాయల పెట్టుబడిని రప్పింపవలెననియు, ఏడున్నర లక్షలమందికి పని కల్పింపవలెననియు వారి సంకల్పము. సంకల్పము ఘనమైనది, మేము మనసార స్వాగతించుచున్నాము. కాని సంపద పుట్టునా యను ప్రశ్నకంటె, పుట్టిన సంపద యెవరి యింట నిలుచునను ప్రశ్నయే మాకు ముఖ్యముగ దోచుచున్నది.

తిరువూరువారు విద్యుత్తు కథను పుస్తకములలో చదువవలసిన పని లేదు. మన యూరి మీదుగా బోవు జాతీయ రహదారికి ఒక దెస కొత్తగూడెపు బొగ్గుగనులు, వేరొక దెస ఇబ్రహీంపట్నపు థర్మల్ కేంద్రము. గని యచ్చట, పొగ యిచ్చట. నడుమనున్న మనకు దక్కినవి దీపమును, నెలనెల బిల్లును. ఎండ విషయమునను మన భాగ్యమింతియేనా?

కర్నూలు సీమలో గని, శకునాల గ్రామములకడ 2017లో పూర్తియైన సౌరక్షేత్రమును జూడుడు. వేయి మెగావాట్లు, సుమారు 5,900 ఎకరములు. గర్వింపదగినదే. కాని ఇట్టివానిని నిర్మించునపుడు వేలకొలది చేతులు కావలెను. నిర్మాణము ముగిసినపిదప పలకలు కడుగువారును, కావలివారును, కొలదిమంది యంత్రజ్ఞులును చాలుదురు. పలకలుచేయు కర్మాగారములు మన నేలపై వెలసినచో పని హెచ్చుననుట నిజము. స్వదేశీ వాదులమగు మేము దానిని కోరుదుము. అయినను 2025లో ఉలవపాడు మండలపు కరేడు రైతులు అట్టి కర్మాగారమునకు తమ భూములిచ్చుటకు సమ్మతింపక రహదారిపై బైఠాయించిరి. వారిని అభివృద్ధి విరోధులని నిందించుట సులభము. పండు నేలను విడిచిన రైతునకు మిగులునదేమియో చెప్పుటయే కష్టము.

వేరొక మార్గము లేకపోలేదు. కేంద్రప్రభుత్వమువారు 2019లో ఆరంభించిన కుసుమ్ పథకమున, సబ్‌స్టేషనులకు చేరువనే అర మెగావాటు మొదలు రెండు మెగావాట్ల వరకు గల చిన్న కేంద్రములను రైతులును, సహకార సంఘములును, పంచాయతీలును స్థాపించుకొనుటకు తావు కల్పించిరి. ఒక మెగావాటుకు నాలుగైదు ఎకరములు చాలును. మన మెట్టసీమలో పంటకురాని నేలలకు కొరత లేదు. సాగరు ఎడమకాలువ నీరు అందీ అందని యీ మామిడితోటల ప్రాంతమున బోరుమోటారే దిక్కు. 2004 నుండి వ్యవసాయమునకు విద్యుత్తు ఉచితము. ఉచితమనగా ఖజానా చెల్లించుచున్నదని యర్థము. దూరమునుండి తెచ్చిన విద్యుత్తులో కొంత తీగలపైననే నశించును. పగటి విద్యుత్తును మోటార్ల ప్రక్కనే పండించినచో ఖజానాకు ఆదాయే. చెల్లించిన రూకయు గ్రామముననే నిలుచును.

సహకార సంఘములా, యవి కక్షలకు నిలయములు గదా యని పెదవి విరుచువారు కలరు. 1970లో స్థాపితమైన సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘము నేటికిని పల్లెలకు విద్యుత్తు నందించుచున్నది. గుజరాతులో 2016లో ఢుండి గ్రామ రైతులు సౌరపంపుల సంఘము నేర్పరచి, తోడిన నీటికి పోగా మిగిలిన విద్యుత్తును పంపిణీసంస్థకు అమ్మజొచ్చిరి. ఆ గ్రామము ఖేడా జిల్లాలోనిది. 1918లో పన్ను నిరాకరించిన ఖేడాయే! డెన్మార్కున కోపెన్‌హాగెన్ వెలుపల సముద్రములో 2000లో నిలిపిన ఇరువది గాలిమరలలో సగము, ఎనిమిదివేలకు పైగా పౌరులు చేరిన సంఘమునకు చెందినవి.

అసలు చిక్కు మూలధనము. మెగావాటుకు నాలుగుకోట్ల రూపాయలకు అటునిటు వ్యయమగును. ప్రభుత్వము పూచీపడనిదే బ్యాంకులు రైతుసంఘముల మొగము చూడవు; అపుడు రైతు పేరు ముందుంచుకొని గుత్తదారుడు వెనుక నిలుచును. వకీళ్లమగు మాకు బినామీ దస్తావేజుల వాసన క్రొత్తది కాదు.

రెండవ చిక్కు మాటనిలుకడ. 2019 జూలైలో ఆనాటి రాష్ట్రప్రభుత్వము గాలి, సౌరవిద్యుత్తుల ధరలను పునస్సమీక్షింప బూనెను. ధరలు హెచ్చని ప్రభుత్వవాదము. 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందపు ధరనే చెల్లింపవలెనని తీర్పుచెప్పినది. పెద్ద కంపెనీలు మూడేండ్లు వ్యాజ్యమాడగలిగినవి. రైతుసంఘము మూడుమాసములు బాకీ నోర్వగలదా? కావున ఇట్టి సంఘములకు నెలనెల చెల్లింపునకై ధనమును వేరుగ నిలువయుంచుట ఆదినుండియే చట్టబద్ధము కావలెను. భూమిలేని కౌలుదారునకును, కూలికిని సంఘమున వాటా యుండవలెను. లేనిచో ఇదియు భూస్వాముల వ్యాపారమే.

తిరువూరు, గంపలగూడెము, విస్సన్నపేట, ఎ.కొండూరు మండలములలో ఏ సబ్‌స్టేషనునకు ఎన్ని యూనిట్లు వచ్చుచున్నవో, అందు బోరుమోటార్లకు ఎంత పోవుచున్నదో, ఆ లెక్క పంపిణీసంస్థవారి యొద్ద నుండును. దానిని ప్రతి పంచాయతీ కార్యాలయపు గోడకు అంటింపుడని మేము ముందుగా అడుగుచున్నాము.