బొమ్మలో కుప్పకు 770 కోట్లు, కల్లంలో కుప్పకు ఎంత?

2019 మే నెలలో న్యూయార్క్‌లో ఒక బొమ్మను వేలం వేశారు. 11 కోట్ల డాలర్లు దాటి పలికింది. అప్పటి లెక్కన మన డబ్బులో 770 కోట్లకు పైమాటే. ఆ బొమ్మలో రాజులు లేరు, దేవుళ్లు లేరు. కోత అయిపోయిన చేను, అందులో కుప్పలు, వాటి మీద వెలుగు. అంతే. ఫ్రాన్సులోని జివెర్నీ అనే పల్లెలో ఇంప్రెషనిస్టు చిత్రకారుడు క్లోడ్ మోనే తన ఇంటి దగ్గర పొలం చూసి 1890లో గీశాడు. పొద్దున ఒక వెలుగు, సాయంత్రం ఒక వెలుగు, మంచులో ఇంకొకటి అంటూ కుప్పల మీదే పాతిక దాకా బొమ్మలు వేశాడు.

ఇంగ్లీషులో వాటికి 'గడ్డివాములు' అనే పేరు పడింది. సేద్యం చేసేవాళ్లం, మనకు తేడా తెలియదా? అవి వాములు కావు, కుప్పలు. నూర్చని పైరును కంకులతో సహా పేర్చి, వాన దిగకుండా పైన కప్పు వేసినవి. నూర్పిడి మిషను ఊరూరూ తిరిగి వచ్చేదాకా నెలల తరబడి చేలోనే ఉండేవి. రైతు ఏడాది కష్టం చూసేవాళ్లకు గడ్డిలా కనపడింది!

మోనే మీద మాకు కోపం లేదు. మా తగవు కుప్పను మెచ్చి రైతును మరిచేవాళ్లతో. మన ఒంటిమిట్టకే వద్దాం. రామయ్య కల్యాణానికి వచ్చినవాళ్లు గోపురం, చెరువు, తోటలు చూసి ఎంత అందమో అంటూ ఫొటోలు తీసుకుంటారు. తీసుకోనీ. ఆ తోట కింద బోరు ఎంత లోతుకు పోయిందో, దాని మీద అప్పు ఎంత ఉందో ఫొటోలో పడదు.

2022 అక్టోబరులో జర్మనీలో పర్యావరణ ఉద్యమకారులు ఇదే బొమ్మ మీద ఉర్లగడ్డ ముద్ద విసిరారు. ప్రపంచమంతా వార్త అయింది. ముందు అద్దం ఉంది కాబట్టి బొమ్మకు ఏమీ కాలేదు. మన కల్లంలో పంట మీద వాన పడితే? అద్దం అటుంచండి, టార్పాలిన్ పట్ట కూడా దొరకదు.

ఆ బొమ్మలో మనం చూడవలసింది ఒకటుంది. ఆ కుప్ప నెలల తరబడి నిలిచింది. మన పంట నిలుస్తోందా? పసుపు ఉడికించి ఆరబెట్టిన మర్నాడే అప్పు ఇచ్చినవాడు గడపలో ఉంటాడు. ధర పడిపోయిందని తెలిసీ యార్డుకు తోలుతున్నాం. పంటను నిలబెట్టుకోలేని రైతు ధర అడగలేడు. పైగా కేంద్రం మద్దతు ధరల జాబితాలో పసుపు లేదు, మామిడి లేదు, బొప్పాయి లేదు.

అందుకే అడుగుతున్నాం. మండలానికొక గోదాము కట్టండి. అందులో పెట్టిన పంట మీద వడ్డీ లేని అప్పు ఇవ్వండి. స్వామినాథన్ కమిషన్ చెప్పినట్టు సాగు ఖర్చుకు 50 శాతం కలిపి మద్దతు ధర కట్టండి, దానికి చట్టం చేయండి. పసుపును, పండ్లను ఆ జాబితాలో చేర్చండి.

రైతు సోదరులారా, సోదరీమణులారా! వచ్చే గ్రామసభలో ఈ నాలుగు మాటలూ తీర్మానంగా రాయించండి. బొమ్మకు ధర కట్టడానికి వేలంలో కోటీశ్వరులు పోటీ పడ్డారు. మన కుప్పకు ధర మనమే కట్టించుకోవాలి.