స్కోరు జేబులోనే ఉంది

“ఆటల మీద రాయాలనుంది అన్నా, కానీ ఎవరు చదువుతారు?”

ఈ ఏడాది మన క్లబ్బులో కొత్తగా చేరిన వాళ్లలో కనీసం నలుగురు నన్ను ఇదే అడిగారు. కథలు రాసేవాళ్లకి ఈ అనుమానం రాదు. కవితలు రాసేవాళ్లకి అసలే రాదు (అది వేరే చర్చ). ఆటల మీద రాసేవాళ్లకే ఈ బెంగ. కారణం తెలిసిందే. మ్యాచ్ అయిపోగానే స్కోరు అందరి ఫోన్లోకీ వచ్చేస్తుంది. కాసేపటికి హైలైట్స్, మర్నాడు పొద్దున పేపర్లో ఫొటోతో సహా వార్త. ఇంక మనం రాయడానికి మిగిలిందేముంది?

చదివేవాళ్లు ఉన్నారనే నేనంటాను. వాళ్ల జేబులో ముందే ఉన్నదాన్ని మళ్లీ వాళ్ల చేతిలోనే పెడితే ఎవరు మాత్రం తీసుకుంటారు? మ్యాచ్ చూసినవాడికి కూడా సరిగ్గా అర్థం కానిది ఏదో ఒకటి ప్రతి ఆటలోనూ ఉంటుంది. దాన్ని పట్టుకుని రాయండి. మామూలు తెలుగులో, చేత్తో రాసినా ఆగి చదువుతారు.

ఈ మాట ఊరికే అనట్లేదు. ఏడాదిన్నరగా మా మెస్ నోటీసు బోర్డు మీద ప్రతి సోమవారం పొద్దున ఒక ఏ4 కాగితం అంటిస్తున్నాను. శని, ఆదివారాల్లో గ్రౌండులో జరిగిన ఇంటర్ బ్రాంచి మ్యాచ్‌ల గురించి ఒక పేజీ, అంతే. మెస్సే ఎందుకంటే అక్కడ పళ్లెం పట్టుకుని లైన్లో నిలబడ్డవాడికి వేరే పని ఉండదు. ఇడ్లీ వచ్చేలోపు ఏదో ఒకటి చదవాలి. మొదట్లో నా కాగితం కన్నా పక్కనున్న వారం మెనూకే పాఠకులు ఎక్కువ. ఆ మెనూ ఎవరికి కంఠతా రాదు చెప్పండి! అయినా దాన్నే చదివేవాళ్లు.

పరిస్థితి మారింది అమ్మాయిల కబడ్డీ సెమీ ఫైనల్‌తో. మా టోర్నీలో ప్రో కబడ్డీ రూల్సే. ఆట చివర్లో ఈసీఈ వాళ్లు 26-25తో ముందున్నారు. సీఎస్ఈ కోర్టులో మిగిలింది ముగ్గురే డిఫెండర్లు. ఎవరైనా ఈసీఈ గెలిచిందనే అనుకుంటారు. కానీ గెలిచింది సీఎస్ఈ, 27-26. మ్యాచ్ చూసినవాళ్లు కూడా “లాస్ట్ రైడ్‌లో లక్ కలిసొచ్చింది” అనుకుంటూ వెళ్లిపోయారు.

అక్కడ లక్ ఏం లేదు. టైమ్ గడిపేద్దామని ఈసీఈ వాళ్లు వరసగా రెండు కూతలు ఖాళీగా తిరిగొచ్చారు. రెండు ఖాళీ కూతల తర్వాత వచ్చే మూడోది డూ ఆర్ డై. పాయింట్ తేవాలి, లేకపోతే ఔట్. గడియారంలో ఇంకా టైమ్ మిగలడంతో ఆ మూడో కూతకి వెళ్లక తప్పలేదు. అవతల ముగ్గురే ఉన్నారు కాబట్టి బోనస్ లేదు, ఎవరో ఒకరిని ముట్టుకోవాల్సిందే. అదే ముగ్గురు పట్టేస్తే మాత్రం సూపర్ టాకిల్, రెండు పాయింట్లు. పట్టేశారు. 25కి రెండు కలిస్తే 27. ఈసీఈ ఓడింది చివరి కూతలో కాదు, దానికి ముందు ఖాళీగా వదిలేసిన రెండు కూతల్లో అని రాశాను. పైన “రెండు ఖాళీ కూతలు” అని పెద్దక్షరాలతో పేరు పెట్టాను.

ఆ సోమవారం లైను ముందుకి కదల్లేదు. ముందున్నవాడు చదువుతూ ఆగితే వెనకున్నవాడు “ఏంట్రా అది” అని తొంగి చూశాడు. మధ్యాహ్నానికి మార్జిన్లో ఎవరో పెన్సిల్‌తో రాశారు: “టైమ్ గడపడం తప్పు కాదు. మూడో కూతకి సీనియర్‌ని పంపాల్సింది.” దాని కింద ఇంకొకరు: “సీనియర్ అప్పటికే ఔట్, మ్యాచ్ చూశావా?” ఆ తర్వాతి వారం నుంచి కాగితం కింద నాలుగు వేళ్ల ఖాళీ కావాలనే వదులుతున్నాను, పక్కన పెన్సిల్ దారంతో కట్టి. పాఠకులని ఎలా రప్పించాలి అని అడిగితే నా దగ్గరున్న చిట్కా ఇదొక్కటే. వాదించడానికి ఒక విషయం ఇవ్వాలి, వాదించడానికి కాస్త చోటూ ఇవ్వాలి.

పేపర్లలో వచ్చే ఆటల తెలుగుతో నాకు పేచీ ఉన్నది ఇక్కడే. విజయదుందుభి మోగించింది, మట్టి కరిపించింది, చిత్తు చేసింది, చెలరేగిపోయాడు... చదవడానికి బానే ఉంటాయి. కానీ ఏ మాటైనా తీసి ఇంకో మ్యాచ్ వార్తలో పెట్టండి, అక్కడా సరిగ్గా అతుక్కుంటుంది. ఏ మ్యాచ్‌కైనా అతుక్కునే మాట ఏ మ్యాచ్ గురించీ ఏమీ చెప్పనట్టే. డెస్కులో కూర్చున్నవాళ్లకి రోజూ పేజీ నింపాలి, అర్ధరాత్రి డెడ్‌లైన్ ఉంటుంది, వాళ్ల ఇబ్బంది వాళ్లది. మనకి ఆ తొందర లేదు కదా, మనమెందుకు ఆ మాటలు అరువు తెచ్చుకోవడం?

పెద్ద ఆటగాళ్ల సంగతిలోనూ ఇంతే. కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచారని, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ అని జీకే పుస్తకాల్లో బట్టీ పట్టాం. ఆమె స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 ఎత్తారు. ఆ 69 కిలోల విభాగంలో స్వర్ణం 242.5 కిలోలకి వెళ్లింది. ఇక జీకే పుస్తకంలో లేని అంకె ఒకటుంది: 137.5. చివరి ప్రయత్నంలో ఆమె బార్ మీద వేయించుకున్న బరువు అది. నిలవలేదు. 110కి 137.5 కలపండి, 247.5. అంటే ఆ ఒక్క ఎత్తు నిలిచుంటే బంగారం. ఈ సంగతి చెప్తే మా రూమ్మేట్, ఆటలంటే ఆమడ దూరం ఉండేవాడు, ఫోన్ పక్కన పెట్టి “మరి తక్కువ బరువు ఎందుకు అడగలేదు?” అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే. వాడిప్పుడు పాఠకుడు.

జ్యోతి యర్రాజీ కథ ఇంకా బాగుంటుంది, ముఖ్యంగా మనలాంటి ఇంజినీరింగ్ వాళ్లకి. విశాఖపట్నం అమ్మాయి, 100 మీటర్ల హర్డిల్స్. ఆ పందెంలో పది హర్డిల్స్ ఉంటాయి. మొదటిదానికి 13 మీటర్లు, ఆ తర్వాత ఒక్కోదానికి మధ్య 8.5 మీటర్లు, చివర్లో 10.5 మీటర్లు. లెక్క వేసుకోండి, సరిగ్గా వంద వస్తుంది. హర్డిల్‌కీ హర్డిల్‌కీ మధ్య మూడే అడుగులు. 2002లో అనురాధ బిస్వాల్ 13.38 సెకన్లలో పరిగెత్తి నెలకొల్పిన జాతీయ రికార్డు ఇరవై ఏళ్లు కదల్లేదు.

జ్యోతి దాన్ని 2020 జనవరిలోనే దాటింది, మూడబిద్రిలో అంతర్ విశ్వవిద్యాలయాల పోటీల్లో, 13.03. చెల్లలేదు. అక్కడ డోప్ పరీక్ష జరగలేదు కాబట్టి రికార్డుగా తీసుకోలేదు. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో 13.09. అదీ చెల్లలేదు. ఈసారి అడ్డొచ్చింది గాలి. వెనక నుంచి తోసే గాలి సెకనుకి 2.0 మీటర్లు దాటితే ఆ టైమ్ రికార్డు కాదు. ఆ రోజు మీటర్ చూపించింది 2.1. ఈ పందేనికి గాలిని తుపాకీ పేలినప్పటి నుంచి 13 సెకన్ల పాటు కొలిచి సగటు తీస్తారు. ఆ సగటులో ఎక్కడో ఒక పాయింట్ వన్. ల్యాబ్‌లో రీడింగ్ రాకపోతే పక్కవాడి రికార్డు చూసి పాయింట్ వన్ అటూ ఇటూ సర్దేసే మనకి ఆ పాయింట్ వన్ విలువ ఎంతో అప్పుడు తెలుస్తుంది.

మరుసటి నెలలో, 2022 మే 10న, సైప్రస్‌లోని లిమసోల్‌లో 13.23. ముందు రెండుసార్ల కన్నా నెమ్మదే. కానీ గాలి మైనస్ 0.1, అంటే ఎదురుగాలి. రికార్డు ఖాయం. మర్నాడు చాలాచోట్ల కనబడిన వార్త ఒక్క వాక్యం: జ్యోతి 13.23తో జాతీయ రికార్డు బద్దలు కొట్టింది. తప్పేం లేదు అందులో. కానీ 13.03 పరిగెత్తి రికార్డు రాక, 13.23కి వచ్చిన మనిషి గురించి ఇంకేం చెప్పింది? (ఆ తర్వాత 2023లో చెంగ్డూలో 12.78 దాకా వెళ్లింది, ఈసారి ఎవరూ అడ్డు చెప్పలేదు.)

ఇంకొక మాట. మన వైపు ఆటగాళ్ల గురించి, ముఖ్యంగా అమ్మాయిల గురించి, ఎవరైనా పొడుగ్గా రాశారంటే అందులో ముప్పావు వంతు పేదరికమే ఉంటుంది. నాన్న ఏం పని చేసేవాడు, ఇల్లు ఎంత చిన్నది, బూట్లు ఎవరు కొనిచ్చారు. అవి రాయొద్దనను, అవి నిజాలు. కానీ మగ క్రికెటర్ గురించి రాసేటప్పుడు అతని కవర్ డ్రైవ్ గురించి రాస్తాం. హర్డిల్స్ అమ్మాయి గురించి రాసేటప్పుడు ఆ మూడడుగుల గురించి ఎందుకు రాయం? ఆమె జీవితంలో ఎక్కువ రోజులు గడిపింది ఆ 8.5 మీటర్ల మధ్యే. పని గురించి మాట్లాడకుండా కష్టం గురించే మాట్లాడటం గౌరవం కాదని నా ఉద్దేశం. చదివేవాళ్లకి కూడా జాలి ఒకసారికే. పని ఎలా జరుగుతుందో చెప్తే మళ్లీ వస్తారు.

మనవాళ్ల గురించే రాస్తున్నాం కదా అని పొగిడి పంపేస్తేనూ కుదరదు. పోయిన సెమిస్టర్‌లో ఒక వాలీబాల్ టీమ్ వరసగా మూడు సెట్లు ఒకే రకంగా ఓడింది, సర్వీస్ అందుకోవడం రాక. అదే రాశాను, ఎన్ని సర్వీసులు చేజారాయో లెక్క పెట్టి మరీ. కెప్టెన్ అన్న మెస్‌లో నా ఎదురుగా కూర్చుని, “గెలిచినప్పుడు రాయి తమ్ముడూ, ఓడినప్పుడు రాసి పరువెందుకు తీస్తావ్” అన్నాడు. మర్యాదగానే అన్నాడు, కోపం మాత్రం కళ్లలో ఉంది. “ఓడినప్పుడు రాయకపోతే, గెలిచినప్పుడు రాసింది ఎవరు నమ్ముతారన్నా?” అన్నాను. ఆ కాగితం తీయలేదు. పేర్లు మాత్రం వేయలేదు. గెలిపించినవాళ్ల పేర్లు వేస్తాను, తప్పు చేసినవాళ్లవి వేయను. ఇది న్యాయమేనా అని అడిగితే, ఇది కాలేజీ, వాళ్లకేం జీతాలివ్వట్లేదు అంటాను.

“ఇంత కష్టం ఎందుకు బ్రో, రీల్ పెట్టు, మీమ్ పెట్టు, వెయ్యి మంది చూస్తారు” అనేవాళ్లున్నారు. చూస్తారు, నిజమే. నేనూ చూస్తాను, నవ్వుకుంటాను. ఆ సూపర్ టాకిల్ వీడియో కూడా అప్పట్లో అందరి ఫోన్లలో తిరిగింది. పది సెకన్ల వీడియో. అందులో పట్టు కనిపిస్తుంది, దానికి ముందు జరిగిన రెండు ఖాళీ కూతలు కనిపించవు. వీడియో చూసిన వెయ్యి మందిలో ఎవరికీ మ్యాచ్ ఎందుకు పోయిందో తెలీదు. లైన్లో చదివిన ఎనభై మందికి తెలుసు. నాకు ఆ ఎనభై మంది చాలు.

రాయకపోతే ఏమవుతుందో హైదరాబాద్ ఫుట్‌బాల్‌ని చూడండి. సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాద్ మనిషి. ఆయన కోచ్‌గా ఉన్నప్పుడు భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. జకార్తాలో జర్నైల్ సింగ్ అనే డిఫెండర్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీమ్ అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టలేదు, తీసుకెళ్లి ఫార్వర్డ్‌గా ఆడించారు. సెమీస్‌లో గోల్, దక్షిణ కొరియాతో ఫైనల్లో ఇంకో గోల్. 2-1తో స్వర్ణం. మరుసటి ఏడాదే రహీమ్ క్యాన్సర్‌తో పోయారు. 2024లో హిందీలో ‘మైదాన్’ సినిమా వచ్చేదాకా మా హాస్టల్లో ఆయన పేరు విన్నవాడు లేడు, అందులో ముగ్గురిది హైదరాబాదే. ఆ కాలంలో హైదరాబాద్ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ ఐదు ఫైనల్స్ ఎలా జరిగాయో తెలుగులో ఎవరైనా చెప్పగా విన్నారా మీరు?

అంత దూరం ఎందుకు, పీడీ సార్ గది బయట బోర్డు చూడండి. సంవత్సరం, ఆట, గెలిచిన బ్రాంచి. ఆ బోర్డులో ఆ ఏడాది అమ్మాయిల కబడ్డీకి ఎదురుగా ఒక్క బ్రాంచి పేరు ఉంటుంది, అది కూడా ఫైనల్ గెలిచినవాళ్లది. సెమీస్‌లో ముగ్గురు కలిసి చివరి కూతని ఎలా పట్టారో, ఆ ముగ్గురి పేర్లేంటో నా దగ్గరున్న కాగితంలో తప్ప ఇంకెక్కడా లేదు. ఆ ముగ్గురిలో ఒక అక్క పాసై వెళ్లేటప్పుడు దాన్ని జెరాక్స్ తీయించుకుని వెళ్లింది.

వచ్చే నెల ఇంటర్ బ్రాంచి అథ్లెటిక్స్. గాలి కొలిచే మీటర్ మన కాలేజీలో లేదు, ఉన్నవి మూడు స్టాప్‌వాచ్‌లు, అందులో ఒకటి మొరాయిస్తుంది. లాంగ్ జంప్ దగ్గర ఒకరు, ఫినిష్ గీత దగ్గర ఇద్దరు రాసుకునేవాళ్లు కావాలి. అమ్మాయిల ఖోఖో కూడా అదే వారం, దానికి ఇప్పటిదాకా ఎవరూ లేరు. తెలుగులో అక్షరదోషాలు వస్తాయని భయపడేవాళ్లు భయపడకండి, దిద్దడానికి క్లబ్బులో కావాల్సినంత మంది ఉన్నారు, ఖాళీగా. శనివారం సాయంత్రం నాలుగున్నరకి గ్రౌండు గేటు దగ్గర ఉంటాను. పెన్ను ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.