శాలువా సరే, పంక్తిలో అన్నం ఎవరిది?

రైతులకు పెట్టే సన్మాన భోజనాల మీద చేసిన వీడియో చూసే ఉంటారు. వీడియోలో లెక్కలు చెబుతూ కూర్చుంటే ఎవరూ వినరు కాబట్టి, అక్కడ వదిలేసినవి ఇక్కడ రాస్తున్నాను. తీరిగ్గా చదవండి.

కార్తీకం వచ్చిందంటే మన కృష్ణా డెల్టాలో ఆదివారాలన్నీ భోజనాలే. విజయవాడ నుంచి బందరు రోడ్డు పట్టుకుని కంకిపాడు, ఉయ్యూరు దాకా వస్తే ఏ తోట చూసినా షామియానాలు, ఏ ఫంక్షన్ హాలు చూసినా ఫ్లెక్సీలు. వనసమారాధన అంటారు, ఆత్మీయ సమ్మేళనం అంటారు. చాలాచోట్ల కులం పేరు పెట్టి బ్యానరు కడుతున్నారు, దాని సంగతి కాసేపట్లో చెబుతాను. వీటిలో దాదాపు ప్రతిదాంట్లోనూ ఒక కార్యక్రమం ఉంటుంది: "ఆదర్శ రైతుకు సన్మానం". స్టేజీ ఎక్కిస్తారు, శాలువా కప్పుతారు, మెమెంటో ఇస్తారు, ఫొటో తీస్తారు. దేశానికి అన్నం పెట్టేది రైతేనని నాయకులు మాట్లాడతారు. తర్వాత అందరూ భోజనాలకి లేస్తారు.

ఆ భోజనం దగ్గరకి వెళ్ళి చూడండి. వెజ్ మంచూరియా, ఫ్రైడ్ రైస్, పనీరు కూర, ఏదో ఒక స్వీటు. తెల్లగా మల్లెపూవులా ఉన్న అన్నం. ఆ బియ్యం ఎక్కడివని క్యాటరింగు ఆయన్ని అడిగితే బ్రాండు పేరు చెబుతాడు. ఊరి పేరు చెప్పడు, ఆయనకి తెలియదు కూడా. ఇందాక శాలువా కప్పుకున్న రైతు కూడా ప్లేటు పట్టుకుని వరసలో నిలబడి ఆ అన్నమే పెట్టించుకుంటాడు. ఆయన పండించిన ధాన్యం మాత్రం మిల్లుకి పోయి, పదిమంది ధాన్యంలో కలిసిపోయి ఉంటుంది. జీవామృతం పోసి, నవధాన్యాలు చల్లి, కషాయాలు కాచి పండించిన గింజకీ, యూరియా గింజకీ అక్కడ తేడా లేదు. రెండిటికీ ఒకటే తూకం, ఒకటే రేటు.

నాకు అభ్యంతరం శాలువా మీద కాదు. రైతుని గౌరవించే భోజనంలో రైతు పంట ఎందుకు లేదు అన్నదే నా ప్రశ్న.

"అంత ఖర్చు భరించలేమండీ" అనేది మొదట వచ్చే జవాబు. సరే, లెక్క వేద్దాం. అయిదొందల మంది పంక్తి అనుకోండి. మనిషికి 150 గ్రాముల బియ్యం వేసుకుంటే 75 కిలోలు. ఆ బియ్యానికి కావలసింది బస్తాన్నర ధాన్యం, నూకా తవుడూ పోను ధారాళంగా వేసుకుంటే రెండు బస్తాలు. 2025-26కి ఏ గ్రేడు ధాన్యం మద్దతు ధర క్వింటాలుకి 2,389 రూపాయలు. అంటే 75 కిలోల బస్తా 1,792 పడుతుంది. రెండు బస్తాలు 3,584. అయిదొందల మంది కడుపునిండా తినే అన్నంలో రైతు వాటా అంతే, ఆకుకి ఏడు రూపాయల చిల్లర. ప్రకృతి వ్యవసాయం చేసిన రైతుకి దానికి రెట్టింపు ఇచ్చామనుకుందాం, బస్తాకి 3,584. అప్పుడు ఆకుకి పద్నాలుగు రూపాయల చిల్లర అవుతుంది. మరపట్టించిన కూలి వేరు. పెరిగింది ఏడు రూపాయలు! ఇదే ఫంక్షన్‌లో మంచినీళ్ళ సీసా ఎంతకి కొన్నారో, ఫ్లెక్సీలకి ఎంత పోశారో కమిటీవాళ్ళని అడగండి. ఖర్చు అనేది సాకు అని అక్కడే తెలిసిపోతుంది.

అసలు అడ్డంకులు వేరే ఉన్నాయి. వాటి గురించి మనం కూడా మాట్లాడుకోవడం లేదు.

ఒకటి, కాలం. కార్తీకానికి మన ఖరీఫు వరి ఇంకా చేలోనే ఉంటుంది. కొత్త బియ్యం వచ్చినా ముద్దవుతాయి, పంక్తికి పనికిరావు. కాబట్టి పోయిన ఏడాది ధాన్యం ఎవరైనా దాచి ఉంచాలి. దాచడమంటే డబ్బు కట్టేసుకోవడం. కోతలు కాగానే కల్లంలోనే అమ్మేసుకుని అప్పు తీర్చేవాడికి పది బస్తాలు పక్కన పెట్టే తాహతు ఎక్కడిది? భోజనాలు పెట్టేవాళ్ళు నిజంగా రైతుని గౌరవించాలనుకుంటే కార్తీకంలో కాదు, అంతకు ముందు సంక్రాంతికే వచ్చి "మాకు రెండు బస్తాలు ఉంచవయ్యా" అని బయానా ఇవ్వాలి. ధాన్యంగానే ఉంచి, పదిరోజుల ముందు ఆడిస్తే పురుగు బాధ కూడా తక్కువ.

రెండు, వంట మేస్త్రీ. ఇది నవ్వులాటగా అనిపిస్తుంది గానీ, చాలాచోట్ల మన బియ్యం ఆగిపోయేది ఈయన దగ్గరే. ఒంటి పట్టు బియ్యం గుండిగలో వేస్తే ఆయనకి అలవాటైన ఎసరు, అలవాటైన మంట పనికిరావు. గంటసేపైనా నానాలి, నీళ్ళు ఎక్కువ పట్టాలి, సెగ తగ్గించి మగ్గనివ్వాలి. ఇవేవీ చెప్పకుండా బస్తా దింపేసి వస్తే అన్నం పలుకుగా ఉంటుంది. పంక్తిలో నలుగురు మొహం చిట్లిస్తారు, "ఈ ఆర్గానిక్ గోల మనకెందుకు" అంటారు. ఆ మాట మళ్ళీ మూడేళ్ళు పోదు. నవార, కృష్ణవ్రీహి లాంటివి పంక్తి భోజనానికి పంపకండి. వాటి రంగు చూసే సగం మంది వెనక్కి జరుగుతారు. సాంబ మసూరిని ప్రకృతి పద్ధతిలో పండించి కాస్త తక్కువ పాలిషు పెట్టించినది అయితే ఎవరికీ కొత్త ఉండదు. ముందు నోటికి అలవాటైనది పెట్టి, ఆ పక్కన చిన్న గిన్నెలో బహురూపి పరమాన్నం రుచి చూపించండి. పరమాన్నాన్ని కాదన్నవాడిని నేనింతవరకూ చూడలేదు.

బియ్యం ఒక్కటే కాదు. మన దగ్గర అన్నీ ఉన్నాయి కదండీ! తోట్లవల్లూరు లంకల్లో కంద, అరటి, పసుపు. కంద బచ్చలి కూర లేని కృష్ణా జిల్లా పంక్తి ఏం పంక్తి? అరటాకు లంకది, కంద లంకది. గారెలకి మాగాణి మినుములు. వరి కోతకి రెండు మూడు రోజుల ముందు నిలబడి ఉన్న పైరులో చల్లితే, ఆ తేమతోనే లేచే మినుము. మిషన్లు వచ్చాక ఆ చల్లకం తగ్గింది గానీ పోలేదు. పప్పుకి పెసలు కూడా ఆ మాగాణివే. ఉసిరికాయ పచ్చడి ఎటూ కార్తీకానిదే. ఇన్ని పెట్టుకుని మంచూరియా తినడం ఏవిటో!

మన తెలుగువాళ్ళలోనే దీన్ని చేసి చూపించినవాళ్ళు ఉన్నారు. జహీరాబాద్ దగ్గర డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు రెండు దశాబ్దాలకు పైగా పాత పంటల జాతర చేస్తున్నారు. ఎడ్లబండ్లని అలంకరించి, వాటిలో తమ విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరుగుతారు. తినేది జొన్న, కొర్ర, సామ, వాళ్ళ చేలల్లో పండినవే. వాళ్ళలో ఎక్కువమంది చిన్న కమతాల దళిత మహిళలు. జాతరకి వచ్చిన పెద్దలు వాళ్ళకి సన్మానం చేయడం అక్కడ ముఖ్యం కాదు. వాళ్ళ ఇంటి పండక్కి పెద్దలు అతిథులుగా వస్తారు. ఆ తేడా గమనించండి. అమెరికాలో కూడా కొన్ని ఊళ్ళల్లో కోతల కాలంలో పొలంలోనే పొడుగాటి బల్లలు వేసి భోజనాలు పెడతారు. వంటకం పక్కన అది ఏ పొలం నుంచి వచ్చిందో రాస్తారు. అక్కడ టికెట్టు ఖరీదు చూస్తే మన కళ్ళు తిరుగుతాయి, అది డబ్బున్నవాళ్ళ సరదా అని తీసిపారేయొచ్చు కూడా. కానీ పొలం పేరు రాయడానికి డబ్బు అక్కరలేదు కదా, సుద్దముక్క చాలు.

మన రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయానికి 2024లో పోర్చుగల్ నుంచి గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. సంతోషమే. లిస్బన్‌లో మనకి గుర్తింపు ఉంది. కంకిపాడు ఫంక్షన్ హాల్లో గుండిగ దగ్గర లేదు. ప్రకృతి వ్యవసాయం పేరుతో జరిగే సభల్లో కూడా పొద్దుటి నుంచి విషం లేని ఆహారం మీద ఉపన్యాసాలు ఇచ్చి, మధ్యాహ్నం క్యాటరింగు ప్యాకెట్లు పంచుతున్న నిర్వాహకులు ఉన్నారు. వాళ్ళని గట్టిగానే అడగాలి.

ఇక అసలు ఇబ్బందైన విషయానికి వస్తాను. స్టేజీ మీద శాలువా కప్పుకునేది ఎవరు? డెల్టాలో పొలం ఒకరిది, సేద్యం ఇంకొకరిది. ఈడుపుగల్లు చూడండి, పునాదిపాడు చూడండి, కోలవెన్ను చూడండి, భూమి హక్కుదారు హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటాడు. బురదలో దిగేది కౌలు రైతు. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చారు, 11 నెలల కార్డు ఇస్తామన్నారు. దానికి యజమాని ఒప్పుకోలు కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. కార్డు లేకపోతే పంట రుణం, నష్టపరిహారం దొరకడం కష్టం. మరి సన్మానాల జాబితా రాసేవాళ్ళు పాస్‌బుక్ ఉన్నవాడిని చూసి రాస్తున్నారు.

మనకి ఇది ఇంకా దగ్గరి సమస్య. నేల బాగుపడటానికి మూడు నాలుగేళ్ళు పడుతుందని మనమే చెబుతాం. ఏడాది కౌలుకి చేసేవాడు ఎవరి నేలని బాగు చేయాలి? వానపాములు తిరిగి వచ్చాక "వచ్చే ఏడు నేనే చేసుకుంటాను" అని యజమాని అంటే? కౌలు బస్తాల్లో కట్టాలి. దేశవాళీ రకాల్లో కొన్ని ఎకరాకి 15 బస్తాలు దాటవు, అవి కౌలుకే చాలవు. పైగా పొడుగు రకాలు గాలికి పడిపోతాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తీరం దాటినప్పుడు కార్తీకమే. చేలల్లో వరి పడుకుని ఉండగానే ఆ తర్వాతి ఆదివారం భోజనాలు యథాప్రకారం జరిగాయి. తప్పు అనను, తిథులు ఆగవు. కానీ ఆ పంక్తుల్లో ఎన్నింటిలో పడిపోయిన చేను తాలూకు కౌలు రైతుని పిలిచి కూర్చోబెట్టారు?

కులం బ్యానర్ల గోల కూడా ఇక్కడికే వస్తుంది. కులం వారీగా భోజనం పెడితే, పొలం యజమాని ఒక షామియానా కింద, కౌలు రైతు ఇంకో షామియానా కింద, నాట్లు వేసిన ఆడవాళ్ళు అసలే షామియానా కిందా ఉండరు. ఒక్క ఎకరం పంట వెనకాల ఉన్న మనుషులు ఒక్క పంక్తిలో కూర్చోలేరు. పాతకాలంలో అంతా బాగుండేదని నేను చెప్పను. కల్లంలో రాశి పోశాక చాకలికి, మంగలికి, వడ్రంగికి, కమ్మరికి మేర కొలిచిచ్చేవాళ్ళన్నది నిజం. అదే ఊళ్ళో పాలేరు ఎక్కడ కూర్చుని తినేవాడో కూడా పెద్దవాళ్ళకి గుర్తుంటుంది. మేర కొలిచిన పద్ధతి తీసుకుందాం, ఆ కూర్చోబెట్టిన పద్ధతి వదిలేద్దాం.

కాబట్టి నేననేది ఇది. వచ్చే కార్తీకానికి ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ళం కాలవ వారీగా ఒక భోజనం పెట్టుకుందాం. ఒక కాలవ నీళ్ళు తాగే చేల యజమానులు, కౌలుదారులు, కూలీలు అందరూ ఒకే పంక్తి. సన్మానాలు వద్దు, స్టేజీ వద్దు. ఒక నల్లబల్ల పెట్టి బియ్యం ఎవరి చేనువి, ఏ రకం, బస్తాకి ఎంత ఇచ్చాం అని రాద్దాం. కౌలు రైతు ధాన్యమైతే కౌలు రైతు పేరే రాద్దాం. ధర రాయడానికి మొహమాటం వద్దు. తినడానికి వచ్చిన పట్నం వాళ్ళు ముందు చూడాల్సింది దాన్నే. నచ్చినవాళ్ళు అక్కడికక్కడే వచ్చే ఏటికి బస్తాకి బయానా ఇచ్చి వెళ్తారు. అయిదొందల మందిలో ఇరవై మంది ఇచ్చినా ఇరవై బస్తాలు మిల్లు లారీ ఎక్కకుండా ఆగుతాయి. అంటే దాదాపు ఒక ఎకరం పంట.

దీనికి డబ్బు కన్నా ముందు రెండు పనులు కావాలి. చిన్న మిల్లు ఎవరి దగ్గర ఉందో, రెండు మూడు బస్తాలు విడిగా, వేరే ధాన్యం కలవకుండా ఆడిస్తారో లేదో ఇప్పుడే కనుక్కోండి. పెద్ద మిల్లువాళ్ళు అంత తక్కువ సరుకు ఆడరు. వంట మేస్త్రీతో బేరం కుదుర్చుకునే రోజే అయిదు కిలోల బియ్యం చేతికిచ్చి, ఆయన ఇంట్లో వండించి తినమని చెప్పండి. ఎంత ఎసరు పట్టిందో ఆయన నోటితోనే చెప్పించుకుని, కాగితం మీద రాసి పెట్టుకోండి.