ఓడకు మొఖమొచ్చింది, సచ్చినోళ్లకు రాలే

నూరేండ్లు వాడిన సామానుకు జీవమొస్తదని జపాన్‌ల పాత నమ్మకం. ఇప్పుడు ఆడి గేములల్ల గుర్రాలు, కత్తులు, యుద్ధ ఓడలు గూడ మనుషులైనయి.

'ఉమా ముసుమే' గేమ్‌ల హారు ఉరారా అనే పిల్ల ఉంటది. అసలు హారు ఉరారా పందెపు గుర్రం. 113 సార్లు ఉరికి ఒక్కసారి గూడ గెల్వలే. 2025ల ఈ గేమ్ ఇంగ్లీషుల రాంగనే, ఆడెటోళ్లు ఆ ముసలి గుర్రం పచ్చగడ్డికి పైసలు పంపిండ్రు. అదే ఏడు సెప్టెంబర్‌ల అది సచ్చిపోయింది. ఓడిన జీవాన్ని గింత మంది యాదిల వెట్టుకునుడు నాకైతే మంచిగనే అనిపించింది.

గని 2013ల వచ్చిన 'కాంతాయ్ కలెక్షన్' సంగతి వేరే. అండ్ల యమాటో అనే యుద్ధ ఓడ అందమైన పిల్ల. అసలు యమాటోను 1945 ఏప్రిల్ 7న అమెరికా విమానాలు ముంచినయి. సుమారు 3,000 మంది పోయిండ్రు. గేమ్‌ల ఓడకు పేరుంది, మొఖముంది. ఆ నావికులకు రెండూ లేవు.

గేమ్ ఆడొద్దని అంటలేను తమ్మీ. గని యుద్ధం ముద్దుగ కనవడ్డప్పుడు, అండ్ల ఎవరు సచ్చిండ్రో ఒక్కపారి అడుగున్రి.