పట్టీలు నల్లబడితే తప్పెవరిది?



ఆ మధ్య కడియములో మాకు తెలిసిన ఒక ఇంటికి వెళ్లాము. ఊరి పేరు కడియమే గాని, తగవు వచ్చినది పట్టీల దగ్గర. అత్తగారు కోడలి పట్టీలు మా ముందు పెట్టి, "చూడండి అయ్యగారూ, పెళ్లయి ఏడాది తిరగలేదు, ఎలా నల్లబడ్డాయో! వెండి అని చెప్పి ఏదో అంటగట్టారు" అన్నారు. కోడలు తలవంచుకుని నిలబడింది. ఆ అమ్మాయి నర్సరీలో పని చేస్తుంది. గులాబీలకు బూడిద తెగులు రాకుండా గంధకము చల్లుతుంది. అసలు సంగతి అక్కడే ఉంది.

వెండి ఒక మూలకము. పరమాణు సంఖ్య 47. సుమారు 962 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కరుగుతుంది. వేడిని, విద్యుత్తును ప్రసరింపజేయుటలో లోహములన్నింటిలోను ఇదే మొదటిది. ఇనుమువలె దీనికి తుప్పు పట్టదు. కాని గంధకము తగిలితే మాత్రము దానితో కలిసి, పైన సిల్వర్ సల్ఫైడు అనే నల్లని పలుచని పొర కడుతుంది. గంధకము ఉన్న కోడిగుడ్డు, ఉల్లిపాయ తగిలినా అంతే.

కనుక నల్లబడుట వెండికి ఉన్న గుణమే. ఒంట్లో రోగమనో, దిష్టి అనో భయపడనక్కర లేదు. అలాగని నల్లబడినదంతా మంచి వెండి అని కాదు. రాగి కూడా నల్లబడుతుంది. మేలిమి వెండి మెత్తన గనుక నగలలో రాగి కలుపుతారు. హాల్ మార్కుతో పాటు 925 అని ఉంటే, వెయ్యి పాళ్లలో 925 పాళ్లు వెండి అని అర్థము. కొనేటప్పుడు చూడవలసినది అది.

పళ్లపొడితో గట్టిగా రుద్దితే నలుపుతోపాటు కొంత వెండి కూడా అరిగిపోతుంది. అందుకని ఆ రోజు పాత సత్తు గిన్నెలో పట్టీలు అడుగుకు తగిలేలా పెట్టించి, చెంచాడు వంట సోడా వేసి, మరిగే నీళ్లు పోయించాము. కొద్దిసేపటికి కుళ్లిన గుడ్డు వాసన వచ్చింది. గంధకము వెండిని విడిచిపోతున్నదన్నమాట. వెండి పట్టీకే మిగిలింది. రాళ్లు పొదిగిన నగలకు మాత్రము ఇలా చేయకండి. గంధకము చల్లేటప్పుడు పట్టీలు తీసిపెట్టుట మేలు.

అత్తగారు ఏమీ అనలేదు. పట్టీలు చెంగుతో తుడిచి కోడలి చేతికిచ్చారు.

మీ ఇంట ఇలాంటి మాట వస్తే, ముందు నీళ్లు పొయ్యిమీద పెట్టండి. వియ్యాలవారిని అనడానికి తొందరేమున్నది?