రెండు రోజుల చెన్నైకి నాలుగు పూర్తి టికెట్లు

విజయవాడలోని విశ్రాంత ఉపాధ్యాయ దంపతులెవరైనా మైలాపూరు కపాలీశ్వరాలయం, మెరీనా తీరం చూసి రెండు రోజుల్లో తిరిగి రావాలనుకుంటే ఒకప్పుడు లెక్క సులువు. పినాకినిలో పగటి ప్రయాణం. 60 నిండిన ఆయనకు చార్జీలో 40 శాతం, 58 నిండిన ఆమెకు 50 శాతం రాయితీ. కరోనా పేరిట 2020 మార్చిలో ఆపిన ఆ రాయితీని, మహమ్మారి తగ్గి ఏళ్లు గడిచినా, కేంద్రం పునరుద్ధరించలేదు.

ప్రతి ప్రయాణికుడికీ సగటున 46 శాతం సబ్సిడీ ఇస్తూనే ఉన్నామన్నది రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ సమాధానం. అందరికీ దక్కేదాన్ని వృద్ధుల పద్దులో రాయడమేమిటి? కనీసం స్లీపర్, థర్డ్ ఏసీల్లోనైనా రాయితీని పరిశీలించమని పార్లమెంటరీ స్థాయీ సంఘం సిఫార్సు చేసింది. అదీ చెవికెక్కలేదు.

ఈ రెండు నగరాల మధ్య 2023 సెప్టెంబరులో వందే భారత్ వచ్చింది. శుభ్రమైన బండే, అయితే అందులో ఉన్నవన్నీ ఏసీ కుర్చీలే, పింఛనుదారుకు అందే సెకండ్ సిట్టింగ్ లేదు. వేగానికి నిధులు దొరికిన ఖజానాలో వయసుకు మాత్రం దొరకలేదు. ఆ దంపతులు రానూపోనూ నాలుగు పూర్తి టికెట్లు కొనాలి, లేదా మెరీనాను మరో ఏడాదికి వాయిదా వేసుకోవాలి.